'గెట్ డౌన్' అంటే దిగడమేనా?

పిల్లలూ! 'గెట్' అనే ఇంగ్లీషు మాట మీకు తెలుసు. 'డౌన్' అనే మాటా తెలుసు. మొదటి దానికి 'పొందు' అనీ, రెండో దానికి 'కింద' అనీ మీరు అర్థాలు వల్లించే ఉంటారు. అయితే ఈ రెండూ పక్కపక్కన నిలబడి 'గెట్ డౌన్' అయితే దాని అర్థమేమిటి? 'కింద పొందు' అని మీలో ఒక్కరు కూడా అనరు. 'దిగు' అంటారు. బస్సు కండక్టరు నోటా, రైల్లో తోటి ప్రయాణికుల నోటా ఆ మాట మీరు ఎన్నోసార్లు విన్నారు. మరి ఇందులో చెప్పడానికేముంది అంటారా? చాలా ఉంది. ఆ ఒక్క అర్థాన్నే నమ్ముకున్నవాడు ఒక్కొక్కప్పుడు చిక్కుల్లో కూడా పడతాడు.

దిగడం గురించి మాట్లాడుకోవడానికి డోర్నకల్ కంటె మంచి చోటు నాకు తోచలేదు. కాజీపేట నుంచి విజయవాడ వెళ్ళే రైలు మార్గంలో మహబూబాబాదు, గార్ల దాటిన తరవాత డోర్నకల్ జంక్షను వస్తుంది. ఈ ఊరు లోగడ వరంగల్లు జిల్లాలో ఉండేది. 2016 నుంచి మహబూబాబాదు జిల్లాలో ఉంది. ఇక్కడ పెద్ద మార్గం నుంచి ఒక కొమ్మ చీలి బొగ్గు గనుల వైపు పోతుంది. ఆ కొమ్మ కారేపల్లి దగ్గర మళ్ళీ చీలి, ఒకటి ఇల్లెందు వైపు, ఇంకొకటి భద్రాచలం రోడ్డు మీదుగా మణుగూరు వైపు సాగుతుంది. ఇల్లెందు దగ్గర నేలలో బొగ్గున్నదని 1871లో కింగ్ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు కనిపెట్టాడు. నైజాము ప్రభుత్వం వేయించిన రైలు మార్గం 1889లో బెజవాడ చేరింది.

అన్నట్టు, ఆ భద్రాచలం రోడ్డు స్టేషను ఉన్నది కొత్తగూడెంలో. పేరులో భద్రాచలం ఉన్నది గదా అని దిగినవాడికి రాములవారి గుడి కనబడదు. అక్కడి నుంచి బస్సెక్కి సుమారు 40 కిలోమీటర్లు పోయి, గోదావరి దాటితే గాని భద్రాచలం రాదు. స్టేషను పేర్లే ఇట్లా ఉంటే, ఇక మాటల సంగతి చెప్పాలా?

సరే, ఒక రైలుపెట్టెలో ఇలా జరిగిందనుకోండి. వరంగల్లులో ఎక్కిన ఒక కుర్రవాడు ఎదుటి బల్ల మీద కూర్చున్న పెద్దమనిషితో, తనకు వచ్చిన ఇంగ్లీషులో, "వుయ్ గెట్ డౌన్ ఎట్ డోర్నకల్" అన్నాడు. డోర్నకల్‌లో దిగుతామని అతని భావం. ఆ పెద్దమనిషి చాలా ఏళ్ళు ఇంగ్లండులో ఉండి వచ్చినవాడు. ఆయన ఫక్కున నవ్వి, "రైలు నుంచి 'గెట్ డౌన్' కారాదు అబ్బాయీ, 'గెట్ ఆఫ్' కావాలి" అన్నాడు. చుట్టూ ఉన్న నలుగురూ నవ్వారు. కుర్రవాడు సిగ్గుపడి, ఆ తరవాత డోర్నకల్ వచ్చేదాకా ఒక్క ఇంగ్లీషు ముక్క మాట్లాడలేదు.

ఇందులో తప్పెవరిది? పెద్దమనిషి చెప్పింది నిజమే. ఇంగ్లండులో రైలు దిగడాన్ని 'గెట్ ఆఫ్' అంటారు. స్టేషన్లలో రాసే నోటీసుల్లోనైతే ఇంకా దర్జాగా 'అలైట్' అంటారు. కాని ఆ కుర్రవాడి మాట గాలిలో నుంచి ఊడిపడలేదు. మనం మెట్లు దిగుతాం, చెట్టు దిగుతాం, గుర్రం దిగుతాం, రైలు దిగుతాం. అన్నింటికీ 'దిగు' ఒక్కటే. ఉర్దూలో కూడా అంతే, 'ఉతర్నా' అంటే మెట్లూ దిగవచ్చు, రైలూ దిగవచ్చు. 1948 దాకా డోర్నకల్ నైజాము రాజ్యంలోదే గనక అక్కడి కచేరీ భాష ఉర్దూ. తమిళులు 'ఇరంగు' అంటారు, కన్నడిగులు 'ఇళి' అంటారు. వాళ్ళ మాటలూ మెట్లకూ రైలుకూ ఒకేలాగ పనికి వస్తాయి. ఇన్ని భాషలవాళ్ళు ఇంగ్లీషు నేర్చుకుని, తమ మాటకు సరిపడే ఇంగ్లీషు మాట కోసం వెతికితే, అందరికీ 'గెట్ డౌన్' చేతికి దొరికింది. అందుకే ఈ ప్రయోగం భారతీయ ఇంగ్లీషుకు ఒక గుర్తు అయి కూర్చుంది. డోర్నకల్‌లోనే కాదు, మద్రాసులో అన్నా, ఢిల్లీలో అన్నా అది అందరికీ అర్థమవుతుంది. దానికి సిగ్గుపడవలసిన పనేమీ లేదని నా అభిప్రాయం.

ఇంగ్లీషువాడు మాత్రం అక్కడ ఎత్తును చూడడు. అతని లెక్కలో మనం రైలు 'ఆన్' ఉన్నాం, అంటే రైలుకు అంటుకుని ఉన్నాం. దాన్ని వదిలితే 'ఆఫ్' అయిపోయాం. మనకు ఎత్తు నుంచి కిందికి రావడం ముఖ్యం. వాళ్ళకు అంటుకున్నదాన్ని విడవడం ముఖ్యం. చిన్న స్టేషన్లలో ప్లాట్‌ఫారం రైలు పట్టాలతో సమానంగా ఉన్నచోట, చేతిలో మూటతో, చంకలో పిల్లవాడితో పెట్టె మెట్లు ఒక్కొక్కటే పట్టుకుని కిందికి వచ్చే తల్లిని చూస్తే, 'డౌన్' అన్నవాళ్ళదే న్యాయం అనిపిస్తుంది!

అయితే చిక్కు ఎక్కడ వస్తుందంటే, ఈ దేశం దాటినప్పుడు వస్తుంది. లండను నగరంలో రెండంతస్తుల బస్సులు తిరుగుతాయి. పై అంతస్తులో కూర్చున్న మీరు "ఐ వాంట్ టు గెట్ డౌన్" అంటే, అక్కడివాళ్ళు మీరు కింది అంతస్తుకు పోదలిచారనుకుంటే ఆశ్చర్యం లేదు. అది చిన్న చిక్కు. దీనికంటె పెద్దది ఇంకొకటి ఉన్నది. మీరొక తోటలో నిలబడి ఉన్నారు. ఎవరో విసిరిన రాయి మీ తలకేసి వస్తోంది. అది చూసిన ఇంగ్లీషువాడు "గెట్ డౌన్!" అని కేకవేస్తాడు. "నేను నేల మీదే ఉన్నాను గదా, ఇంకెక్కడికి దిగను?" అని మీరు ఆలోచిస్తూ నిలబడితే తల పగులుతుంది! అక్కడ ఆ మాటకు అర్థం 'వంగు' అని, 'కింద కూర్చో' అని, అవసరమైతే 'నేల మీద బోర్లా పడుకో' అని. మీద పడి ఎగిరే పెంపుడు కుక్కను కూడా ఇదే మాట అని అదిలిస్తారు.

ఇక్కడితో అయిపోయిందా? లేదు. ఇంగ్లీషువాళ్ళు అటక మీది పెట్టెను 'గెట్ డౌన్' చేస్తారు. అంటే దించుతారు. మాస్టారు గబగబా చెప్పేది కాగితం మీద 'గెట్ డౌన్' చేస్తారు. అంటే రాసుకుంటారు. సరుకు ధరనూ, ఒంట్లో జ్వరాన్నీ 'గెట్ డౌన్' చేస్తారు. అంటే తగ్గిస్తారు. అమెరికాలోనైతే పాటకు హుషారుగా చిందులు వేయడాన్ని కూడా 'గెట్ డౌన్' అనడం కద్దు.

చేదు మందును కూడా 'గెట్ డౌన్' చేస్తారు. దీనికి తెలుగేమిటి? 'మింగు' అనవచ్చు గాని, ఇంకా దగ్గరిది మన ఇళ్ళలోనే ఉంది. జ్వరం వచ్చినప్పుడు మీ అమ్మ అన్నం కలిపి పెడితే మీరేమంటారు? "ముద్ద గొంతు దిగడం లేదమ్మా" అంటారు. చూశారా! ఇంగ్లీషువాడు కిందికి పంపుతున్నాడు, మనం కిందికి దిగడం లేదంటున్నాం. ఎక్కడో సముద్రాల అవతలివాళ్ళకూ మనకూ ఒకే ఊహ తట్టింది. ఇలాంటిదే ఇంకొకటి: ఎవరైనా కబుర్లు మాని, శ్రద్ధగా పని మొదలుపెడితే 'గాట్ డౌన్ టు వర్క్' అంటారు. మనం 'పనిలోకి దిగాడు' అంటాం. పనేమన్నా బావా, దిగడానికి? కాని రెండు భాషలవాళ్ళూ దిగుతున్నారు!

ఇవి చూసి, "అయితే తేలికే, 'దిగు' ఉన్నచోటల్లా 'గెట్ డౌన్' పెట్టేస్తే సరి" అనుకునేరు. అక్కడే పప్పులో కాలు వేస్తారు. కాలిలో ముల్లు దిగితే అది 'గెట్ డౌన్' కాదు. పెళ్ళికి వెళ్ళి మామయ్యగారింట్లో దిగితే అదీ కాదు. బండి చక్రం బురదలో దిగబడితే అదీ కాదు. ఇక మనం ఫోటో దిగుతాం. ఏ మెట్ల మీద నుంచి దిగుతున్నామని? పటంలోకి మన బొమ్మ దిగుతుందన్న మాట. ఉర్దూలో కూడా 'తస్వీర్ ఉతార్నా' అంటారు, బొమ్మ దించడం అని. డోర్నకల్ వంటి ఊళ్ళల్లో ఉర్దూ, తెలుగూ ఒకే వీధిలో పెరిగాయి గనక అక్కడివాళ్ళకు ఈ జోడీ కొత్త కాదు. ఇంగ్లీషువాడు మాత్రం ఫోటోను 'టేక్' చేస్తాడు, అంటే తీస్తాడు. మనం తీయడమూ ఎరుగుదుం, దిగడమూ ఎరుగుదుం. తీసేవాడు తీస్తాడు, నిలబడేవాడు దిగుతాడు. ఇంత ముచ్చటైన ఏర్పాటు ఇంగ్లీషులో లేదు.

ఇంకొక తమాషా మాట చెబుతాను. మనసుకు కష్టం కలిగించడాన్ని కూడా ఇంగ్లీషులో 'గెట్ డౌన్' అంటారు. పరీక్షలో మార్కులు తక్కువ వచ్చాయని దిగులుగా కూర్చున్న స్నేహితుడితో "డోంట్ లెట్ ఇట్ గెట్ యు డౌన్" అంటారు. దాన్ని పట్టుకుని దిగాలుపడిపోకు అని. 'దిగు'కూ 'దిగులు'కూ చెవికి ఎంత పోలిక! కాని పోలిక చూసి చుట్టరికం కలపరాదు. తమిళంలో 'తిగిల్' అన్నా, కన్నడంలో 'దిగిలు' అన్నా భయం అని అర్థం. మన దిగులు ఆ భయం కుటుంబంలోది. రైలు దిగే దిగు వేరు.

'డౌన్' అన్నంత మాత్రాన కింద అని కూడా అనుకోవద్దు. రైలువాళ్ళ లెక్కలో 'అప్' బండి, 'డౌన్' బండి అని ఉన్నాయి గదా. డౌన్ బండి పల్లానికి పోయేది కాదు. ఈ వాడుక ఇంగ్లండు నుంచి వచ్చింది. అక్కడ లండను వైపు వెళ్ళేది అప్, లండను నుంచి బయటికి పోయేది డౌన్, దారిలో కొండలెక్కినా సరే! ఇంకా విచిత్రం వినండి. వెయ్యేళ్ళ నాటి ఇంగ్లీషులో 'డూన్' అంటే కొండ. 'కొండ మీద నుంచి' అనే అర్థంలో 'ఆఫ్ డూన్' అనేవారు. అది అరిగి అరిగి 'డౌన్' అయి, కింద అనే అర్థం మిగిలింది. ఇప్పటికీ దక్షిణ ఇంగ్లండులో కొన్ని గుట్టల వరసలకు 'డౌన్స్' అని పేరు. అంటే 'డౌన్స్' ఎక్కాలంటే పైకి పోవాలి!

ఇలా క్రియ వెనక ఒక చిన్న మాట చేరి, రెండూ కలిసి కొత్త అర్థం ఇచ్చే జంటలను ఇంగ్లీషులో 'ఫ్రేజల్ వెర్బ్' అంటారు. ఆ పేరును 1925లో లోగన్ పియర్సల్ స్మిత్ అనే రచయిత తన పుస్తకంలో వాడి ప్రచారంలోకి తెచ్చాడు; తనకా పేరు సూచించినవాడు ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు సంపాదకుడు హెన్రీ బ్రాడ్లీ అని కూడా చెప్పాడు. పేరు కొత్తదే గాని బాధ పాతదే. 1755లో శామ్యూల్ జాన్సన్ అచ్చువేసిన ప్రసిద్ధ నిఘంటువుకు పీఠిక రాస్తూ, ఇతర దేశాలవాళ్ళను అన్నింటికంటె ఎక్కువ కష్టపెట్టేవి ఈ జంటలేనన్నాడు. వాటిని శ్రద్ధగా ఏరి పెట్టాను గాని అన్నీ దొరికాయని చెప్పలేనన్నాడు. అంత పండితుడికే అన్నీ దొరకలేదంటే, ఏడో తరగతి పిల్లవాడికి రెండు మూడు రాకపోతే ఎందుకు కంగారు?

అసలు ఈ జంటలెందుకు? ఒకే మాటతో పని జరగదా? జరుగుతుంది. దిగడానికి ఇంగ్లీషులో 'డిసెండ్' అనే ఒంటి మాట ఉంది. అది లాటినులో పుట్టి ఫ్రెంచి మీదుగా వచ్చిన పెద్దింటి మాట. ఇంట్లో, వీధిలో ఎవరూ చెట్టు 'డిసెండ్' కారు. మనకూ అంతే గదా. 'అవరోహించు' అనే సంస్కృత పదం ఉంది. "ఒరే, చెట్టు అవరోహించరా!" అని మీ నాన్న ఎప్పుడైనా కేకవేశాడా? పుస్తకాలకు పెద్ద మాటలు, నోటికి చిన్న మాటలు. ఇంగ్లీషువాళ్ళ నోటి మాటల్లో ఈ జంటలు అడుగడుక్కూ తగులుతాయి. అందుకే పుస్తకంలో బాగా చదివినవాడు కూడా వాళ్ళు మాట్లాడుకుంటూంటే తెల్లమొహం వేస్తాడు.

మరి తెలుగు నేర్చుకునే పరాయివాడి పాట్లు మీరెప్పుడైనా ఊహించారా? "అన్నం తినేయ్" అంటాం. 'తిని', 'వేయు' కలిస్తే అది వచ్చింది. వేయడమంటే విసరడం అని నేర్చుకున్న దొర, తిని తరవాత ఏమి విసరాలో తెలియక కంచం కేసి చూస్తాడు! "నిద్రపోయాడు" అంటాం. ఎక్కడికి పోయాడు? మంచం మీదే ఉన్నాడు. "రాసిపెట్టు" అంటే ఎక్కడ పెట్టాలి? 'వేయు', 'పోవు', 'పెట్టు' అనేవి మనకు ఆ చిన్న మాటల పని చేస్తున్నాయి. ఇంగ్లీషువాడు 'ఈట్ అప్' అన్నచోట మనం 'తినేయ్' అంటాం. వాళ్ళ 'అప్'లో పైకి పోయేదేమీ లేదు, మన 'వేయు'లో విసిరేదేమీ లేదు. పని పూర్తిగా కావాలని రెండింటికీ అర్థం.

ఈ అడవిలో పడి దారి చేసుకున్నవాళ్ళు లేకపోలేదు. 1817లో మద్రాసు వచ్చిన చార్లెస్ ఫిలిప్ బ్రౌను తెలుగు నేర్చుకుని, 1852లో తెలుగు-ఇంగ్లీషు నిఘంటువే అచ్చువేయించాడు. డోర్నకల్‌కు కూడా అలాంటి కొత్త మనిషి ఒకడు వచ్చాడు. 1909లో తిరునెల్వేలి ప్రాంతం నుంచి వచ్చిన వేదనాయగం శామ్యూల్ అజరయ్య తమిళుడు. ఆయన తెలుగు నేర్చుకుని ఇక్కడివాళ్ళతో కలిసి పనిచేశాడు. 1912లో డోర్నకల్ బిషప్పు అయ్యాడు. ఆంగ్లికన్ చర్చిలో ఆ పదవి పొందిన మొదటి భారతీయుడు ఆయనే. 1945లో చనిపోయేదాకా డోర్నకల్ ఆయన ఊరే. తమిళుడు గనక 'తినేయ్' వంటి మాటలు ఆయనకు మరీ వింతగా తోచి ఉండవు. తమిళులు కూడా 'సాప్పిట్టు విడు' అంటారు, తిని విడిచెయ్ అని. బ్రౌను దొరకు మాత్రం ఆ సదుపాయం లేదు.

ఇక వీటిని వాడే పద్ధతి గురించి ఒక్క కిటుకు చెబుతాను. డోర్నకల్ జంక్షనులో రైళ్ళకు దారులు చీలినట్టే, 'గెట్ డౌన్' తరవాత ఏం వస్తుందో దాన్నిబట్టి అర్థం దారి మారుతుంది. వెనక 'ఫ్రమ్' తగిలితే చెట్టో, నిచ్చెనో, గుర్రమో దిగడం. వెనక 'టు' వచ్చి ఒక పని పేరు వస్తే ఆ పనిలోకి దిగడం. 'గెట్'కూ 'డౌన్'కూ నడుమ ఒక వస్తువు దూరితే దాన్ని దించడమో, మింగడమో, రాసుకోవడమో. ఆ నడుమ మనిషి కూర్చుంటే, తరచు ఆ మనిషికి దిగాలు. వస్తువు పేరు నడుమనైనా ఉండవచ్చు, చివరనైనా ఉండవచ్చు: 'గెట్ ది బాక్స్ డౌన్' అన్నా, 'గెట్ డౌన్ ది బాక్స్' అన్నా పెట్టె దిగుతుంది. కాని పెట్టె పేరు మాని 'ఇట్' అన్నారో, దాని చోటు నడుమనే. 'గెట్ ఇట్ డౌన్' అనాలి. 'గెట్ డౌన్ ఇట్' అంటే ఇంగ్లీషువాడి చెవికి పంటి కింద రాయి పడినట్టుంటుంది. అర్థాలు వరసగా వల్లించే బదులు, ఈ మాట కనిపించినప్పుడల్లా ముందూ వెనకా ఏమున్నదో చూడండి. నాకు తెలిసినంతలో ఇంతకు మించిన దగ్గరి దారి లేదు.

ఒక్క అర్థం మాత్రం మిగిలిపోయింది. ఇంగ్లండులో చిన్నపిల్లలు భోజనం ముగించి, బల్ల దగ్గర నుంచి పోయే ముందు పెద్దవాళ్ళను "ప్లీజ్ మే ఐ గెట్ డౌన్?" అని అడుగుతారు. కుర్చీలో కూర్చుని తింటారు గనక, పిల్లల కాళ్ళు నేలకు అందవు గనక, పోవాలంటే దిగాలి మరి. మనవాళ్ళు తరతరాలుగా పీట వేసుకుని నేల మీద కూర్చుని తిన్నారు. పెద్దవాళ్ళ కంటె ముందు పంక్తిలో నుంచి కదలాలంటే పిల్లలు అనుమతి అడిగేవాళ్ళు. మాట మాత్రం వేరు. ఇప్పుడు మీ ఇంట్లో భోజనాల బల్ల ఉన్నా సరే, కుర్చీ ఎంత ఎత్తుదయినా సరే, ఆ ఇంగ్లీషు పిల్లవాడి ప్రశ్నకు సరి అయిన తెలుగు "దిగనా అమ్మా?" కాదు, "లేవనా అమ్మా?"